ఉసిళ్ల ఎర

జూన్ 2

ఈ రోజు కట్టిన ఎరలు పద్నాలుగు. వెనక్కి వచ్చినవి తొమ్మిది. వాటిలో ఒక్కదాని మీద కూడా చేప నోరు తగిలిన గుర్తు లేదు. దారం చెదరలేదు, రెక్క నలగలేదు. ఇచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

కొండవాలున ఉన్న మా మూడో మెట్ట మీద నలభై ఒక్క ఇళ్లకీ ఎరలు కట్టేది నేనే. వల వేస్తే జలాశయం అడుగున నీళ్లు తోడే మరల నోళ్లలో చుట్టుకుంటుందని వలలు లేవు. తిండిగింజను నీళ్ల పాలు చెయ్యకూడదు గనక పిండి ఎర లేదు. వానపామును కళ్లతో చూసినవాళ్లు మెట్ట మొత్తం మీద ముగ్గురో నలుగురో ఉంటారు. ఇక మిగిలింది ఇంటికొక గాలం, గాలానికొక కట్టుడు ఎర.

నా బల్ల కిటికీ పక్కన ఉంటుంది. బల్ల అంచుకు చిన్న ఇనుప పట్టు (వైసు) బిగించి, దాని నోట్లో గాలపు ముల్లు పెడతాను. ముల్లు మెడ నుంచి వంపు దాకా నైలాను దారం, దాని మీద రాగితీగ ఎనిమిది చుట్లు, పైన నీలం ప్లాస్టిక్ పొరతో రెండు రెక్కలు. పురుగులకు బదులు పొలాల మీద ఎగిరి పుప్పొడి మోసే తుమ్మెద మరలు రోజూ కొన్ని దారి తప్పి నీళ్లలో పడతాయి. చేపలు వాటిని మింగడం అలవాటు చేసుకున్నాయి. నా ఎర ఆ తుమ్మెద మరకు నకలు. ఇరవై రెండేళ్లుగా ఇదే కడుతున్నాను.

సాయంత్రం పక్కింటి ఎర్రయ్యమ్మ వచ్చి మూడు ఎరలు బల్ల మీద పెట్టింది. మెట్ట మీద ఆమె కంటే బాగా గాలం విసిరేవాళ్లు లేరు.

"ఏటైనా మార్సినావా పిన్నీ?" అంది.

"ఏమీ మార్చలేదు."

"మరేటొచ్చింది ఈ సేపలకి? దగ్గిరికొస్తన్నాయి, సూస్తన్నాయి, ఎనక్కి ఎల్లిపోతన్నాయి. పెల్లిసూపులకి వొచ్చినట్టు."

నిన్న రేవులో పడినవి పంతొమ్మిది చేపలు. మామూలు రోజుల్లో అరవైకి తగ్గవు. మెట్టలను చూసే కార్యాలయానికి ప్రతి నెలా ఒకటిన ఇచ్చే పనిపుస్తకంలో అంకెలు, వాటి పక్కన ఒకటి రెండు మాటలు రాస్తే చాలు. మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 4

రెక్కల రంగు నీలం నుంచి నలుపుకు మార్చాను. రాగితీగ ఎనిమిది చుట్ల నుంచి ఐదుకు తగ్గించాను. తర్వాత ముల్లు ఒక సైజు చిన్నది వాడాను. రేవులో పన్నెండు చేపలు. అన్నీ పిల్లలే.

రేవు కాపలాదారు సోమెలు అన్న తడి చేతులతో నా ఇంటికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఈ కొండల్లోనే పుట్టినవాడు. మిగతా మేమంతా సముద్రం ఊళ్ల మీదికి వచ్చినప్పుడు కింద నుంచి ఎక్కి వచ్చినవాళ్లం.

"ఎరలో తప్పులేదమ్మా," అన్నాడు. "మాపటేళ చేప ఎగురుతుంది. తూరుపు గట్టు కింద నీళ్లు ఉడుకుతున్నట్టే ఉంటుంది. దేన్నో తింటంది. నీదే తినట్లేదు."

"తుమ్మెద మరలేమో."

"పొద్దుగూకేసరికి అవన్నీ గూటికి పోతాయి గదా."

నిజమే. ఆ వేళ నీళ్ల మీద పడేందుకు ఏ మరా ఉండదు. అయితే చేపలు ఏం తింటున్నట్టు?

జూన్ 7

మే చివరి జల్లుల తర్వాత నిన్న మొదటి పెద్ద వాన పడింది. ఈ రోజు ఎర్రయ్యమ్మ ఒక బంగారుతీగ చేపను పట్టింది. అది ఎర తినలేదు. గాలం లాగుతుంటే ముల్లు పక్కరెక్క కింద గుచ్చుకుని పైకి వచ్చింది.

"పొట్టలో ఏటున్నాదో కోసి సూడు పిన్నీ. ఎసరు మరుగుతన్నాది, నాను మల్లీ వొస్తాను," అని చేపను నా గుమ్మంలో పెట్టి పరిగెత్తింది.

కోశాను. పేగు చీల్చి, లోపలి ముద్దను తెల్లపళ్లెంలో వేసి నీళ్లు పోశాను. బూడిదరంగు గుజ్జు తేరుకున్నాక రెక్కలు తేలాయి. గోధుమరంగువి, పల్చనివి, పొడుగాటివి. నాలుగింటిని పక్కపక్కన పెట్టి కొలిచాను. నాలుగూ ఒకే కొలత.

వాటిని ఇంతకుముందు చూశాను. అప్పుడు నాకు ఆరేళ్లు. పొందూరులో మా ఇంట్లో అందరూ నూలు వడికేవాళ్లు. తొలకరి వాన వెలిసిన సాయంత్రం మా అమ్మమ్మ దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టేది. రెక్కల పురుగులు వందలకొద్దీ వచ్చి పడేవి. మర్నాడు వేయించి, మరమరాల్లో కలిపి దోసిట్లో పోసేది. ఉసిళ్లు. ఆ మరుసటి ఏడాది జ్వరాలు వచ్చాయని దేశమంతా పురుగులను చంపే పొడి చల్లారు. దోమలతో పాటు అన్నీ పోయాయి. అప్పటి నుంచి నేను పురుగును చూడలేదు.

రేవు దగ్గర బోర్డు ఉంది. ఏ పురుగు కనిపించినా ఒక రోజులోగా కార్యాలయానికి తెలియజేయాలి. ఇరవై ఆరేళ్ల కింద ఇదే మెట్ట మీద ఎవరో చీమల బారును చూసి తెలియజేశారు. పొడి చల్లారు. రెండేళ్లు జలాశయంలో చేప తినకూడదన్నారు. ఆ రెండేళ్లలో ఆకలితో పోయినవాళ్లు పదిహేడుమంది. వాళ్లలో మా ఆయన ఒకరు.

ఎర్రయ్యమ్మ వచ్చి అడిగితే, పొట్టలో గుజ్జు తప్ప ఏమీ లేదని చెప్పాను. రెక్కలు సూదుల డబ్బాలో ఉన్నాయి. పనిపుస్తకంలో 'వాన, పని తక్కువ' అని రాశాను.

జూన్ 9

ఉసిళ్లకు నకలు కట్టడానికి రెండు రోజులు పట్టింది.

మొదటిది నా పాత సామానుతోనే కట్టాను. నైలాను ఒళ్లు, ప్లాస్టిక్ రెక్కలు. నీళ్ల గిన్నెలో వేస్తే బుడగలాగా పైన నిలబడింది. అసలుది అలా నిలబడదు. తడిసి, రెక్కలు నీటికి అంటుకుపోయి, సగం మునిగి కొట్టుకుంటుంది.

రెండోదానికి అన్నీ పెరటి సరుకులే. పత్తిదూది ఒళ్లు, కోడిపుంజు మెడ ఈకలు నాలుగు రెక్కలుగా. ఒళ్లు బాగా కుదిరింది. ఈకలు మాత్రం తడవగానే మెలి తిరిగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. తర్వాత ఉల్లిపొర కత్తిరించి రెక్కలు పెట్టాను. రంగు అచ్చంగా అదే. గిన్నెలో నాలుగుసార్లు లాగేసరికి చిరిగిపోయింది. గుగ్గిలం పూస్తే బిరుసెక్కి విరిగింది.

ఏడోది నిలిచింది. పత్తిదూదికి ఎర్రమట్టి అద్ది, వేళ్ల మధ్య పేని, గుగ్గిలం రాసిన నూలుదారంతో మూడు కణుపులుగా చుట్టాను. పాత గోధుమరంగు ప్లాస్టిక్ సంచిని బూడిదతో రుద్ది మెరుపు చంపి, దానితో రెక్కలు కత్తిరించాను. కాళ్లకు మెడ ఈక ఒక్క చుట్టు. చేప కింద నుంచి చూస్తుంది కాబట్టి గాజుగిన్నెలో వేసి, గిన్నెను తల మీదికెత్తి కింద నుంచి చూశాను. దూది నీళ్లు తాగి కిందికి దిగింది. రెక్కలు పరుచుకుని దాన్ని పూర్తిగా మునగనివ్వలేదు.

దూది ఒక్కటే అయితే మునుగుతుంది, ప్లాస్టిక్ ఒక్కటే అయితే తేలుతుంది. రెండూ కలిస్తే చచ్చిపోతున్న పురుగులా ఉంటుంది. ఒక్కొక్కటి కట్టడానికి పదకొండు నిమిషాలు.

జూన్ 12

మొన్న ఎర్రయ్యమ్మకు రెండు ఇచ్చాను. ఏడు చేపలతో వచ్చింది. నిన్న ఇరవై ఇళ్లకు, ఈ రోజు అందరికీ ఇచ్చాను. రేవులో ఎనభై నాలుగు. ఇళ్ల మీద పులుసు వాసన. ఎర్రయ్యమ్మ తన చేపల్లో ఒకటి తోమి, ముక్కలు కోసి, పసుపు రాసి తెచ్చి ఇచ్చింది.

సోమెలు అన్న సాయంత్రం వచ్చాడు. బల్ల మీది ఎరను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇది దేని బొమ్మమ్మా?"

"నా ఊహ."

అతను దాని మీద మెల్లగా ఊదాడు. రెక్కలు ఆడాయి.

"మా అమ్మ ఈ ఊహని సోలలకొద్దీ ఏపి పెట్టేది," అన్నాడు.

నేను దారం చుట్టడం ఆపలేదు. కాసేపటికి అడిగాను. "పుట్ట ఎక్కడుందో చూశావా అన్నా?"

"ఎతకలేదు. ఎతికితే కనపడతాది. కనపడితే చెప్పాలి." ఎరను బల్ల మీద పెట్టాడు. "రెక్కలొచ్చి ఎగిరినాయంటే పుట్టకి నాలుగైదేళ్లుంటాది. మనకి ఇప్పుడు తెలిసింది, అంతే."

అతను వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇద్దరికి తెలుసు.

ఉసిళ్లంటే రెక్కలు వచ్చిన చెదపురుగులు. మా ఇళ్లు నొక్కిన వెదురు పలకలతో కట్టినవి. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూశాను. తర్వాత రేపటి ఎరలకు దూది పేనడం మొదలుపెట్టాను.

జూన్ 15

పొద్దున్న ఎర్రయ్యమ్మ కొత్తిమీర తెచ్చింది.

"పిన్నీ, మా వంటింటి గుంజ మీద మట్టి గీతొకటి పైకి పాకింది. ఎవులు గీసినారో తెలవదు. నిన్న తుడిసేసినాను. మల్లీ పొద్దుటికి వొచ్చేసింది."

"ఎంత పొడుగు?"

"జానెడు ఉంటాది."

"వానాకాలం కదా. చెమ్మకు అలాగే మట్టి కక్కుతుంది. తడిగుడ్డతో తుడిచెయ్యి."

"అంతేనా?"

"అంతే."

ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. చెదను చూసి ఎరగదు. నేను చెప్పింది నమ్మింది. కొత్తిమీర నీళ్లలో పెట్టి వెళ్లింది.

ఈ రోజు కట్టినవి పంతొమ్మిది. రేవులో తొంభై ఒకటి. నా చేతులు సరిగ్గానే పనిచేశాయి. ఆ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

జూన్ 19

పొద్దున్న ఎనిమిదింటికి ఎర్రయ్యమ్మ వంటింటి నేల కూలింది.

మా ఇళ్లన్నీ వాలు మీద గుంజలు పాతి, పైన పలకలు పరిచి కట్టినవి. వెనకవైపు నేలకు, కింద మట్టికి మధ్య పదడుగుల ఎత్తు ఉంటుంది. ఆమె నీళ్ల డబ్బా మోసుకుంటూ వంటింట్లోకి వచ్చింది. మూడో అడుగుకు పలక విరిగింది. డబ్బాతో పాటు కింద రాళ్ల మీద పడింది.

నేను వెళ్లేసరికి స్పృహలోనే ఉంది. కుడి తొడ ఎముక విరిగింది. కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. అరవలేదు. "పొయ్యి మీద పాలున్నాయి, దించండి," అంది. పాలు ఎవరో దించారు.

ఆమె భర్త పాపినాయుడు నీటిమరల దగ్గర పని మధ్యలో వదిలి వచ్చాడు. ఎముకల వైద్యుడు కట్టు కట్టి, మూడు నెలలు కాలు నేల మీద పెట్టకూడదన్నాడు. ఆ తర్వాత కూడా కుంటు ఉండొచ్చన్నాడు.

ఆమెను లోపల పడుకోబెట్టాక పాపినాయుడు విరిగిన పలకను పట్టుకుని చూశాడు. పైకి నున్నగా, కొత్తదానిలా ఉంది. విరిగిన చోట లోపల పొరలు పొరలుగా, కాగితాల కట్టలా ఉంది. దాన్ని తట్టాడు. తెల్లగా రాలాయి.

"ఇవేటివి, బియ్యమా?" అన్నాడు. కిందికి వంగాడు. "బియ్యం కదుల్తన్నాయేటి?"

చుట్టూ పదిమంది దాకా ఉన్నాం. తెలిసినవాళ్లం ఇద్దరమే. సోమెలు అన్న నా వైపు చూశాడు. నేను రాలినవాటి వైపు చూశాను.

జూన్ 20

మొదట ఎర్రయ్యమ్మకే చెప్పాలి. పొద్దున్న వెళ్లాను. కట్టు కట్టిన కాలు కింద మూడు దిండ్లు ఉన్నాయి. పిల్లలిద్దరూ బడికి వెళ్లారు.

"నీ గుంజ మీద పాకింది చెద. పురుగు. అది లోపలి నుంచి కలప తింటుంది," అన్నాను. "నువ్వు చెప్పిన రోజే నాకు తెలుసు."

నా ముఖంలోకి చూసింది.

"తెలిసే తుడిసెయ్యమన్నావా?"

"అవును."

"ఎందుకు?"

చేప పొట్టలో దొరికిన రెక్కల గురించి చెప్పాను. పొడి గురించి, రెండేళ్ల గురించి, పదిహేడుమంది గురించి చెప్పాను. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది.

"అయితే?" అంది. "నాతో సెప్తే నాను కార్యాలయానికి పరిగెత్తుదునా? నాకు మటుకు పిల్లలు నేరా? ఆకలంటే నాకు తెల్దా? ఒక్క మాట సెప్పుంటే ఆ వంటింట్లో అడుగెట్టకపోదును. పలక మార్సుకుందుము."

పొడికి భయపడ్డానని మళ్లీ అన్నాను.

"పొడికి బయపడి కాదు నువ్వు దాసింది. నన్ను నమ్మనేదు. అదీ సంగతి." తల గోడవైపు తిప్పుకుంది. "ఎల్లు పిన్నీ."

వచ్చేశాను.

ఆమె అన్నది నిజమో కాదో రోజంతా ఆలోచించాను. భయపడ్డది నిజం. నమ్మకపోయింది కూడా నిజమే. ఎవరినీ నమ్మలేదు. సోమెలు అన్నకు నేను చెప్పలేదు, అతనే కనిపెట్టాడు.

కట్టిన ఎరలు లేవు.

జూన్ 21

రేవు దగ్గర అందరినీ పిలిపించాను. ఇంటికొకరు వచ్చారు. రెక్కలు ఉన్న డబ్బా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారింది. అంతా చెప్పాను. పదిహేనో తేదీన ఎర్రయ్యమ్మతో ఆడిన అబద్ధం కూడా చెప్పాను.

కొంతమంది తిట్టారు. తిట్టవలసిందే. ఒకాయన వెంటనే పొడి తెప్పించమన్నాడు. ఆయన తల్లి ఆ పదిహేడుమందిలో ఒకరు. ఆ సంగతి పక్కామె గుర్తు చేసింది. ఆయన కూర్చున్నాడు.

అప్పుడు సోమెలు అన్న లేచాడు. "మా తాతలు ఈ కొండ మీద ఇల్లు కట్టలేదా? చెద లేదా అప్పుడు? గుంజ మట్టిలో పాతేవోళ్లు కాదు. రాయి మీద నిలబెట్టేవోళ్లు. గుంజకి జీడి నూనె పట్టించేవోళ్లు. నెలకోసారి చుట్టూ చూసేవోళ్లు. గీత కనపడితే గీకేసేవోళ్లు. అంతే. ఊరంతా బతికింది."

జీడిగింజల పెంకు నుంచి తీసే నల్లటి నూనె గురించి అతను చెబుతున్నాడు. చర్మం మీద పడితే కాలిపోతుంది. పురుగు దాని జోలికి రాదు.

చివరికి అందరూ అడిగింది ఒకటే. కార్యాలయానికి చెప్పాలా, వద్దా?

"నా పుస్తకం ఒకటో తేదీన వాళ్లకు ఇస్తాను," అన్నాను. "ఇది. అంకెల పుస్తకం కాదు."

"ఇస్తే పొడి వొస్తాది," అన్నారెవరో.

"రావొచ్చు. దాచినందుకు ఒక కాలు విరిగింది. మళ్లీ దాచలేను. ఇంకా పది రోజులున్నాయి. వాళ్లు వచ్చేసరికి పొడి అక్కర్లేదని కంటికి కనబడాలి."

చేతులెత్తమన్నారు. ఇరవై మూడు చేతులు లేచాయి. పద్దెనిమిది లేవలేదు. పాపినాయుడి చెయ్యి లేచింది.

జూన్ 29

ముప్ఫై ఎనిమిది ఇళ్ల గుంజలు రాళ్ల మీదికి ఎక్కాయి. మూడు ఇళ్లకు రాళ్లు చాలలేదు, రేపు తెస్తారు. చెయ్యెత్తని పద్దెనిమిదిమందీ పనికి వచ్చారు.

పుట్టలు మూడు దొరికాయి. ఎర్రయ్యమ్మ ఇంటి వెనక ఒకటి, వాలు మీద ఒకటి. ఆ రెండింటినీ తవ్వి తీసి నీళ్లలో పోశారు. చేపలు ఎగబడి తిన్నాయి. మూడోది తూర్పు గట్టు మీద, ఇళ్లకు దూరంగా ఉంది. దాన్ని ముట్టుకోవద్దన్నాడు సోమెలు అన్న. దాని కింద నీళ్లలోనే మాకు తిండి దొరుకుతోంది.

జీడి నూనె పడి నా కుడిచేతి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. మూడు రోజులుగా ఎడమచేత్తో కడుతున్నాను. ముడులు వదులుగా వస్తున్నాయి. రోజుకు ఆరు మించడం లేదు.

ఎర్రయ్యమ్మ ఇంటికి రోజూ వెళ్తున్నాను. గుమ్మం దాకా. ఆమె తల తిప్పదు. చేప, కూర గుమ్మంలో పెట్టి వస్తున్నాను. గిన్నె మర్నాడు కడిగి గుమ్మంలోనే ఉంటోంది.

జూలై 1

కార్యాలయం నుంచి తనిఖీకి హైమవతి అనే ఆవిడ వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. రేవులో సోమెలు అన్న గదిలో కూర్చుని, బెల్లం కాఫీ తాగుతూ ఈ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివింది. గంట పట్టింది. గది బయట చాలామంది నిలబడ్డారు.

"ఉసిళ్ల రెక్కలంటే ఇవేనా అండీ?" అని డబ్బా మూత తీసింది.

"ఇవే. పొడి ఎప్పుడు చల్లుతారు?"

ఆవిడ డబ్బా మూత పెట్టింది.

"పొడి లేదండి," అంది.

"అంటే?"

"తయారు చేసే చోటు మూసేసి పదకొండేళ్లయింది. నేను ఉద్యోగంలో చేరేనాటికే లేదు. పురుగు కనబడిందని ఎవరైనా చెబితే రాసుకుంటాం. ఒక మనిషిని పంపి చూసి రమ్మంటాం. అంతకు మించి మా చేతిలో ఏమీ లేదు."

"మరి ఆ బోర్డు?"

"తీసెయ్యమని మాకెవరూ చెప్పలేదండి."

సోమెలు అన్న మూలన గాలాలు లెక్కపెడుతున్నాడు. ఆపాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇంకే మెట్ట మీదైనా వచ్చాయా ఇవి?" అని అడిగాను.

"వచ్చే ఉంటాయి. ఈ రెండేళ్లలో మూడు చోట్ల ఇళ్లు కూలినట్టు రిపోర్టులున్నాయి. కారణం దగ్గర అందరూ చెమ్మ అనే రాశారు." పుస్తకం నా వైపు జరిపింది. "పురుగు అని రాసింది మీరొక్కరే. దీన్ని నకలు తీసుకుని మిగతా మెట్టలకు పంపనిస్తారా? ఆ జీడి నూనె సంగతి వాళ్లకూ పనికొస్తుంది."

తీసుకోమన్నాను. ఆవిడ వెళ్లేముందు తూర్పు గట్టు మీది పుట్టను చూస్తానంది. సోమెలు అన్న తీసుకెళ్లాడు. అరగంట తర్వాత తిరిగి వచ్చింది. చెప్పుల నిండా మట్టి.

జూలై 2

ఎర్రయ్యమ్మకు గుమ్మంలో నిలబడి చెప్పాను. పొడి లేదట, పదకొండేళ్లుగా లేదట అని.

"అయితే నా కాలు ఊరికినే ఇరిగిందన్నమాట," అంది. నాతో అన్నట్టు లేదు.

వస్తుంటే ఆమె గాలం బయట గోడకు చేర్చి ఉంది. పద్నాలుగు రోజులుగా అది నీళ్లు చూడలేదు. పాపినాయుడు సాయంత్రం దాకా మరల దగ్గరే ఉంటాడు. ఇంటి గాలం కదలకపోతే ఆ ఇంటికి చేప లేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లం ఇచ్చింది తింటున్నారు.

గాలం తీసుకున్నాను. లోపలి నుంచి ఎవరూ వద్దనలేదు.

జూలై 5

ఇరవై రెండేళ్లుగా ఎరలు కడుతున్నాను గానీ గాలం ఎప్పుడూ విసరలేదు. అది వేరే పని. మొదటి రోజు ముల్లు నా చీర కుచ్చిళ్లకే తగులుకుంది. రెండోరోజు వెనక కొమ్మకు చుట్టుకుంది. ఈ రోజు నీళ్ల దాకా వెళ్లింది కానీ ఎర పడిన చప్పుడుకు చేపలన్నీ చెదిరిపోయాయి. పక్కన గాలం వేస్తున్నవాళ్లు లేచి దూరంగా వెళ్లి కూర్చున్నారు.

పట్టినవి లేవు.

జూలై 8

నిన్న రెండు చేపలు ఎరను తాకాయి. లాగేలోపు వదిలేశాయి. ఇప్పటికి నా ఎరల్లో నాకు తెలిసిన లోపాలు మూడు. రెక్క మరీ వెడల్పు, ఎదురుగాలికి పక్కకు తిరుగుతోంది. ముడి దగ్గర దూది ఎక్కువ. ముల్లు మొన రెక్క కింద దాగిపోతోంది. ఇన్నాళ్లూ వీటి గురించి ఎవరూ చెప్పలేదు. ఎర్రయ్యమ్మ ఆ లోపాలతోనే రోజుకు ఏడు పట్టింది.

జూలై 11

వాన వెలిసి ఎండ పడింది. సాయంత్రం ఐదింటికి తూర్పు గట్టు కింద ఒక బంగారుతీగ పడింది. లాగేటప్పుడు మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగిపోయాను. సోమెలు అన్న వచ్చి చేప కింద జల్లిబుట్ట పట్టాడు. కిలోంపావు తూగింది.

తడి చీరతోనే ఎర్రయ్యమ్మ ఇంటికి వెళ్లాను. పాపినాయుడు అప్పుడే పని నుంచి వచ్చాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేపను పళ్లెంలో పెట్టి గుమ్మంలో ఉంచబోతుంటే, "ఇటు తీసుకురండి," అన్నాడు పాపినాయుడు.

ఎర్రయ్యమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. చేప నోరు రెండు వేళ్లతో తెరిచి, వెలుతురు వైపు తిప్పి లోపలికి చూసింది.

"లాగడం ఆలీసం అయిపోనాది," అంది. "సూడు, ముల్లు గొంతులోకి దిగిపోనాది. అంతసేపు ఆగకూడదు. రెక్క మునిగిందంటే లాగెయ్యాల."

"రెక్క మునగడం నాకు కనబడదు. కళ్లు అంత దూరం ఆనవు."

ఆమె ముల్లును మెల్లగా విడదీసి, ఎరను పళ్లెం అంచున పెట్టింది. చేపను పాపినాయుడి చేతికిచ్చి తోమమంది.

"కనబడకపోతే సప్పుడు ఇను," అంది.

నన్ను కూర్చోమనలేదు. వెళ్లమని కూడా అనలేదు. నేను గుమ్మంలోనే నిలబడి, ఆ చప్పుడు ఎలా ఉంటుందని అడిగాను.

చెప్పడం మొదలుపెట్టింది.